ఆవలి ఒడ్డు నుంచి హలో

మార్చి 2, 1926, మంగళవారం

ఇవాళ కూడా మా పోస్టాఫీసు పెద్ద మిస్ ట్రాంటర్ చేత చీవాట్లు. పోస్టాఫీసులో టెలిఫోన్ బోర్డు ముందు ఇన్నేళ్లుగా కూర్చుంటున్నా నాకు మాట తీరు రాలేదట. పొద్దున డాక్టరుగారు లైనులోకి వచ్చి "హలో" అన్నారు. నేనూ "హలో" అన్నాను. అదీ నేరం.

"ఏమమ్మా విన్నీ, ఇది పోస్టాఫీసా, వేటకుక్కల దొడ్డా? 'నంబరు చెప్పండి' అని కదా అనాలి నువ్వు. హలో అనేది కుక్కల్ని ఉసిగొల్పే కేక. మర్యాదస్తుల నోట రావలసిన మాట కాదు."

మర్యాదస్తులంతా ఆ మాటే అంటున్నారు, ఆ సంగతి వాళ్లకే చెప్పుకోమనండి. నిన్న పాదిరీగారి భార్య కొత్త టోపీ పెట్టుకుని వీధిన పోతుంటే కిటికీలోంచి చూసి "హలో, ఇదేమిటి" అని ముక్కు మీద వేలేసుకున్నది ఈవిడే. నోరు వెళ్లబెట్టడానికి పనికొచ్చే మాట పలకరించడానికి పనికిరాదు కాబోలు.

రాత్రి భోజనం దగ్గర నాన్నకి చెప్పాను. చెంచా కింద పెట్టి, నా మొహం చూస్తూ అంతా విని, నవ్వాడు.

"ఆవిణ్ణి మన రేవుకొచ్చి చెప్పమను ఆ ముక్క. హలో లేకపోతే మనకి కూడే లేదు."

అదీ నిజమే. ఆవలి ఒడ్డున నిలబడి ఎవరో ఒకరు హలో అని కేక పెట్టాలి, నాన్న పడవ తీయాలి. తాతల నాటి నుంచీ అంతే. ట్రెంట్ నది మీద మాకు వేరే గంటా లేదు, జెండా లేదు.

మార్చి 5, శుక్రవారం

గార్త్ మాస్టారికి పిచ్చి ముదిరింది. బడి ఉద్యోగం మానేశాక కొందరు గులాబీలు పెంచుకుంటారు, కొందరు కోళ్లు పెంచుకుంటారు. ఈయన ఒక మాట పుట్టుక వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఒకే ఒక్క మాట, హలో. అది వేటగాళ్ల కేక అని డాక్టరుగారు అంటే, కాదు, పడవ రేవుల్లో పుట్టిందని ఈయన పంతం. ఇద్దరికీ దీని మీద మాటల్లేవు.

మాస్టారి ఇల్లు ఆవలి ఒడ్డున. ఇవాళ సాయంత్రం రేవులో నిలబడి ఒక్కో రకంగా కేకలు మొదలుపెట్టాడు. హాలూ అంటాడు, హొల్లో అంటాడు, హిల్లో అని సాగదీస్తాడు. నీళ్ల మీద ఏది బాగా సాగుతుందో చూస్తున్నాడట. నాన్న వల బాగు చేసుకుంటున్నాడు. నేను భుజం తట్టి అటు చూపించాను. పాపం, ఏటి పోటుకి ఎదురు తెడ్డు వేసుకుంటూ అంత దూరం పోయాడు.

"నేను దాటక్కర్లేదు ఏమస్," అని నాన్నకి టోపీ ఎత్తాడట మాస్టారు. "ఏ కేక బాగా వినపడింది? మొదటిదా, చివరిదా?"

"నాకు అన్నీ ఒకటే," అన్నాడట నాన్న.

తిరిగొచ్చి తెడ్డు విసిరేశాడు. "ఇంకోసారి ఆ ముసలాడు కూస్తే రాజుగారొచ్చి పిలిచినా కదలను, చెప్తున్నా." రేవులో ఉన్నవాళ్లంతా విని నవ్వారు. నాన్న ఈ మధ్య మరీ గట్టిగా మాట్లాడుతున్నాడు.

మార్చి 9, మంగళవారం

పక్కింటి మిసెస్ కట్స్ వాకిట్లోంచి పిలిస్తే నాన్న పలకలేదు. గాలి మా వైపు నుంచి మీ వైపు వీస్తోంది అన్నాను. ఆవిడ నావంక అదోలా చూసింది. నిజానికి గాలి ఆవిడ వైపు నుంచి మా వైపే వీస్తోంది.

పరధ్యానం. వయసు కదా.

మార్చి 13, శనివారం

రేపు అమ్మల ఆదివారం. అవతల పొలాల్లో, పెద్దిళ్లలో పనికి కుదిరిన ఆడపిల్లలంతా కేకులు మూట కట్టుకుని తల్లుల దగ్గరికి వస్తారు. ఆ ఒక్క రోజు మా రేవులో వాళ్ల దగ్గర డబ్బు తీసుకోం. ఒక్కో పిల్లా నాన్న చొక్కాకి వయొలెట్ పూలు గుచ్చి పోతుంది, సాయంత్రానికి ఆయన పెళ్లికొడుకులా తయారవుతాడు.

మిస్ ట్రాంటర్ కూడా తన తల్లి దగ్గరికి పోతానంది. రేపు బోర్డు నువ్వు చూడు అంది. సరే అన్నాను. తరవాత మనసంతా అదోలా అయిపోయింది. ఆదివారాలు ఎప్పుడూ నేను ఇంట్లోనే ఉంటాను, రేవు దగ్గరే. నాన్న ఒక్కడూ చూసుకోగలడా?

ఎందుకు చూసుకోలేడు? నేను పుట్టకముందు నుంచీ చూసుకుంటున్నవాడే.

మిసెస్ కట్స్ గోడ మీదుగా అంది, "మా నెల్లీ ఈసారి కేకు తనే చేసి తెస్తోందట. తను పనిచేసే ఇంటి బ్లైత్ దొరసాని పొయ్యి వాడుకోనిచ్చిందట. రాయిలా ఉన్నా లొట్టలేసుకుంటూ తినాలి, మీరూ రండి."

రేపు అమావాస్య. ఈగర్ పెద్దదే వస్తుందన్నాడు నాన్న. సముద్రపు పోటు అలా నదికి ఎదురు తిరిగి గోడలా ఎక్కి వచ్చినప్పుడు నాన్న అందరికంటే ముందే చెప్పేస్తాడు. అరికాళ్లకి తెలుస్తుందట.

మార్చి 14, ఆదివారం

నెల్లీ నీళ్లలో పోయింది. మిసెస్ కట్స్ వాళ్ల నెల్లీ.

మార్చి 15, సోమవారం

నిన్నటిది వరసగా రాస్తాను. రాస్తే బరువు తగ్గుతుందేమో.

పొద్దున పిల్లలంతా దాటారు. నెల్లీ రాలేదు. దొడ్లో ఆవు ఈనుతోందట, అది తేలేదాకా బ్లైత్ వాళ్లు కదలనివ్వలేదు. నాన్న అందరూ వచ్చేశారనుకున్నాడు.

టీ వేళకి బోర్డులో దీపం వెలిగింది. బ్లైత్ దొరసాని.

"హలో, హలో. విన్నీయేనా?"

"నంబరు చెప్పండి," అన్నాను. అన్నాను, నిజంగానే. నోటికి అదే వచ్చింది.

"నంబరెందుకే తల్లీ, నీతోనే పని. మీ నాన్న ఎక్కడ చచ్చాడు? నెల్లీ ఎప్పటినుంచో రేవులో గొంతు చించుకుంటోంది. మా వంటింట్లోకి వినపడుతోంది. మీ ఒడ్డున చీమ కదలడం లేదు."

"వచ్చేస్తాడండి. ఇంకోసారి గట్టిగా పిలవమనండి."

అలా అన్నాను. నాన్నకి వినపడుతుందనే అనుకున్నాను. అనుకున్నాను కదా. అనుకోకపోతే అలా ఎందుకంటాను? బోర్డు వదిలి పోతే ఉద్యోగం పోతుంది. పరిగెడితే ఇల్లు ఎంత దూరమని. బోర్డు వదలకూడదు.

దీపం మళ్లీ వెలిగింది. ఈసారి ఆవిడ హలో అనలేదు. "విన్నీ, పిల్ల మా చిన్న పడవ విప్పుకుని బయల్దేరిపోయింది. ఈగర్ వస్తోంది. మావాళ్లు అరుస్తున్నా ఆగడం లేదు."

చెవికున్నది పీకేసి పరిగెత్తాను. రేవు గట్టు మీద ఊరంతా ఉంది. ఆడవాళ్లు కేకలు. మగవాళ్లు తాళ్లు పట్టుకుని మోకాలి లోతులో నిలబడ్డారు. నీళ్లు మట్టిరంగులో సుళ్లు తిరుగుతున్నాయి, ఆ నీళ్లలో ఏమీ లేదు. మిసెస్ కట్స్‌ని ఇద్దరు పట్టుకుని ఉన్నారు.

ఇంటి వెనక్కి పోయాను. నాన్న పెరట్లో పీట మీద, నదికి వీపు పెట్టి కూర్చుని పాముచేపల బుట్ట అల్లుతున్నాడు. చొక్కా నిండా వయొలెట్ పూలు. గట్టు మీద అంత గోల. ఆయన నోట్లో ఏదో పాట.

నా నీడ పడగానే తలెత్తాడు. "ఇంత తొందరగా వచ్చేశావే? టీ పెట్టమంటావా?"

నేను అలాగే నిలబడిపోయాను. నన్ను చూసి, నా మొహం చూసి, అప్పుడు లేచాడు. గట్టు వైపు తిరిగి చూశాడు. "ఎవరు?" అన్నాడు. "ఎవరు పిలిచారు?"

చీకటి పడేలోగా బోర్లాపడ్డ చిన్న పడవ దొరికింది. కానిస్టేబుల్ ష్రైవ్ దాన్ని తిరగేశాడు. బల్ల కింద గుడ్డమూట ఇరుక్కుని ఉంది. "హలో, ఇదేమిటి," అన్నాడు, ఏదో పోగొట్టుకున్న గొడుగు దొరికినట్టు. ముడి విప్పాడు. తడిసి ముద్దయిన కేకు. నాకు ఇప్పటికీ ఆ మాటే చెవిలో మోగుతోంది.

మార్చి 16, మంగళవారం

కానిస్టేబుల్ ష్రైవ్ వచ్చాడు. పొయ్యి వైపు తిరిగి పైపు వెలిగించుకుంటూ అడిగాడు, "ఏమస్, పిల్ల పిలవడం విన్నావా లేదా?"

నాన్న నావంక చూశాడు. నేను అదే మాట మళ్లీ అన్నాను, మెల్లిగా, ఆయన వైపు తిరిగి. ఎప్పుడూ అలాగే అంటాను. అలవాటు.

"వినకేం? విన్నాను. గార్త్ మాస్టారి కూతలనుకున్నాను. ఇంక ఆయన కూస్తే కదలనని మొన్న అందరి ముందే చెప్పాగా."

ఎవరు పిలిచారని ఆదివారం నన్నడిగిన మనిషి ఈయనే కదా. ష్రైవ్ తల ఊపి రాసుకున్నాడు. రేవులో నవ్వినవాళ్లంతా దానికి సాక్షులే.

నేను నోరు మెదపలేదు.

మార్చి 18, గురువారం

నెల్లీ దొరికింది. దిగువన, మైళ్లు దాటి, తుప్పల్లో. ఇంకేం రాయను.

ఊరు మాస్టారి మీద పడింది. "మాట పుట్టుక వెతికాడు, పిల్ల చావు దొరికింది," అంటున్నారు. మా గట్టు మీద నిలబడి ఆయన ఇంటి వైపు హలో, హలో అని అరుస్తున్నారు, పెద్దవాళ్లు, చర్చికి పోయేవాళ్లు. బ్రెడ్ల వాడు ఆయనింటికి బ్రెడ్డు వేయడం మానేశాడు. కిటికీ అద్దం ఒకటి పగిలింది.

నాన్నని ఎవరూ ఏమీ అనడం లేదు. "పాపం ఏమస్, ఆయన మాత్రం ఏం చేస్తాడు, అన్నిసార్లు ఉత్తినే తిప్పితే," అంటున్నారు.

మార్చి 19, శుక్రవారం

మాస్టారు పోస్టాఫీసుకి వచ్చాడు. నాన్నే దాటించాడట, ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా. గడ్డం గీసుకోలేదు. కాలర్ ఒక పక్కకి ఊడి వేలాడుతోంది. మిస్ ట్రాంటర్ ఆయన్ని చూసి లోపలికి పోయి తలుపేసుకుంది.

"తపాలా బిళ్లలు కావాలా మాస్టారూ?" అన్నాను.

"వద్దమ్మా. ఎవరికి రాస్తాను? కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేశాను." కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. "నీకు చెబుదామనే వచ్చాను. నేను గెలిచాను, తెలుసా? డాక్టరు ఓడిపోయాడు. కుక్కలూ లేవు, వేటా లేదు. పాత జర్మనీ వాళ్ల మాట అది. ఏటి ఒడ్డున నిలబడి పడవవాణ్ణి పిలిచేది. అంటే ఏమిటో తెలుసా? వచ్చి తీసుకుపో అని. అంతే. తీసుకుపో, తీసుకుపో."

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"మనమంతా ఊరికే అంటున్నామమ్మా ఆ మాట. టోపీ చూసి అంటాం, టెలిఫోన్లో అంటాం. మొదటి అర్థంలో అన్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ పిల్ల అన్నప్పుడు అది నా వెధవ కూత అనుకున్నాడు మీ నాన్న."

"మీ తప్పు కాదండీ," అన్నాను.

"కాదని ఎలా చెప్తావు? నువ్వు అక్కడ లేవుగా." నా చేయి తట్టాడు. నన్ను ఓదారుస్తున్నాడు. "మీ నాన్నని అననివ్వకమ్మా ఎవరినీ. నేనే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు రోజూ ఊది ఊది ఆయన్ని విసిగించాను."

ఊరికే అన్న సామెత. ఆయన పోయాక బోర్డులో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, నాకు ఒక్కటీ కనపడలేదు.

మార్చి 20, శనివారం

మధ్యాహ్నం నాన్న బుట్ట అల్లుతుంటే వెనక నిలబడ్డాను. "నాన్నా," అన్నాను. "నాన్నా, ఇల్లు తగలబడుతోంది." గట్టిగానే అన్నాను. పక్కింటి కుక్క మొరిగింది. నాన్న పుల్ల వంచి ముడేసుకున్నాడు.

ముందుకి పోయి కూర్చున్నాను. "ఎప్పటినుంచి?"

ఏమిటని అడగలేదు. "మీ అమ్మ పోయిన చలికాలం నుంచి. మొదట పిట్టలు పోయాయి, తరవాత మనుషులు. నీకు తెలుసుగా."

"నాకు తెలియదు."

"తెలియకుండానే భుజం తడుతున్నావా ఇన్నాళ్లూ? తెలియకుండానే నా మొహంలో మొహం పెట్టి మాట్లాడుతున్నావా?"

ఆయన నా పెదవులకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఆదివారం ఒక్కణ్ణీ వదిలేసి పోయావు. నేను ప్రతి క్షణం నది వైపు చూస్తూనే ఉన్నాను. పిల్లలంతా దాటేశారు కదా అని కాస్త పెరట్లోకి పోయాను. అంతే."

"మరి మాస్టారు అనుకున్నానని ఎందుకన్నావు?"

"ఏమనమంటావు? రాతిగుండె వాడంటే నెలకో రెణ్ణెల్లకో మరిచిపోతారు. చెవిటివాడంటే రేపే పడవ లాగేసుకుంటారు. పడవతో పాటు ఇల్లూ పోతుంది, ఇల్లు ఎస్టేటు వాళ్లది. ఈ వయసులో ఎక్కడికి పోతాం? మాస్టారికేం, పింఛను వస్తుంది. రెండు రోజులు తిడతారు, ఊరుకుంటారు."

"ఆయన అన్నం మానేశాడు నాన్నా."

"ఏమిటి?" అన్నాడు. నేను తల దించుకుని అన్నాను, చూడలేకపోయాడు. మళ్లీ అనలేదు నేను.

ఎల్లుండి విచారణ. నన్నెవరూ ఏమీ అడగరు. అడిగితే చెప్తాను. అడగకపోతే నేనెందుకు చెప్పాలి? కన్నతండ్రి.

మార్చి 22, సోమవారం

విచారణ రేవు పక్క సారాయి సత్రంలో, మేడ మీద గదిలో. చావుల మీద విచారణ జరిపే అధికారి, కొరోనర్, గెయిన్స్‌బరో నుంచి వచ్చాడు. గదిలో బీరు వాసన, తడి కోట్ల వాసన. నాన్నని ముందు కుర్చీలో, కొరోనర్‌కి ఎదురుగా కూర్చోబెట్టారు. కొరోనర్‌కి మీసం లేదు, మాట స్పష్టం. నాన్న అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. విన్నాను, మాస్టారు అనుకున్నాను, అదే నా పొరపాటు.

బ్లైత్ దొరసాని తను రెండుసార్లు ఫోను చేశానని చెప్పింది. అందరూ నావంక చూశారు. "బోర్డు వదలకూడదు కదా, ఆ అమ్మాయి ఏం చేస్తుంది," అన్నాడు కొరోనర్. అంత దయగా ఎవరూ మాట్లాడకుండా ఉంటే బాగుండేది.

మాస్టారు లేచి, "నా వల్లేనండి. నేను ఆ మాటని ఆటబొమ్మ చేశాను," అన్నాడు. గదిలో ఎవరో ఉమ్మేశారు, ఆయన బూటు దగ్గరే. ఆయన కాలు కూడా తీసుకోలేదు.

అప్పుడు వెనక బల్ల మీంచి మిసెస్ కట్స్ లేచింది. అన్ని రోజుల్లో ఆవిడ మాట్లాడటం నేను వినలేదు. గొంతు మామూలుగానే ఉంది, గోడ మీదుగా పలకరించినట్టు.

"ఏమస్, ఒక్కటి చెప్పు. నా నెల్లీ గొంతుకీ ఆ ముసలాయన గొంతుకీ తేడా తెలియలేదా నీకు? చిన్నప్పుడు నీ పడవలోనే పాటలు పాడేది కదయ్యా."

గదంతా చెవులు రిక్కించింది. నాన్న కదల్లేదు. ఆవిడకి వీపు పెట్టి, కొరోనర్ మొహంలోకి చూస్తూ, తరవాతి ప్రశ్న కోసం మర్యాదగా కాచుకుని కూర్చున్నాడు.

"జవాబు కూడా చెప్పవా?" అంది ఆవిడ. "అంత కానిదాన్నయ్యానా?"

ఆవిడ అడిగిన తీరు నేను భరించలేకపోయాను. నేనెప్పుడు లేచానో తెలియదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆవలి ఒడ్డు నుంచి పిలిచినట్టు, గొంతులో ఉన్నదంతా పెట్టి హలో అని కేక పెట్టాను. కిటికీ అద్దాలు కదిలాయి. కింద గుర్రం సకిలించింది. గదిలో ప్రతి తలా నావైపు తిరిగింది, మాస్టారిది, ష్రైవ్‌ది, మిసెస్ కట్స్‌ది. ఒక్క తల తప్ప.

కొరోనర్ నన్ను చూశాడు. తరవాత నాన్నని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమస్ గారూ, ఇప్పుడు మీ వెనక ఒకరు మాట్లాడారు. విన్నారా?"

"విన్నానండి," అన్నాడు నాన్న.

"ఏమన్నారు?"

నాన్న వెనక్కి తిరిగాడు. అంతమందిలో నన్నే వెతుక్కున్నాడు, నా కళ్లు కాదు, నా నోరు. ఎప్పుడూ చూసే చూపే. బ్రెడ్ల వాడు ఎంతన్నాడు, పాదిరీగారు ఏమన్నారు, అని ఇన్నేళ్లూ చూసిన చూపు. పెదవి కదిపితే చాలు. ఒక్క మాట, రెండక్షరాలు, ఎవరికీ తెలియదు కూడా.

నేను పెదవులు బిగించుకున్నాను.

నాన్న అలాగే చూశాడు. తరవాత కొరోనర్ వైపు తిరిగి, ఆ మరీ గట్టి గొంతుతో అన్నాడు.

"వినపడలేదండి. ఆ పిల్ల పిలిచిందీ వినపడలేదు. మాస్టారిని నేను ఒక్కసారి కూడా వినలేదు."

మాస్టారు కూర్చున్నచోటే మొహం చేతుల్లో దాచుకున్నాడు. మిసెస్ కట్స్ మెల్లిగా నడిచి వచ్చి, నాన్న ఎదురుగా, ఆయనకి కనపడేలా నిలబడింది.

మార్చి 23, మంగళవారం

పడవ తాళం చెవి ఎస్టేటు మనిషి పట్టుకుపోయాడు. ఇల్లు ఈ నెలాఖరుకి ఖాళీ చేయాలి.

మార్చి 25, గురువారం

మాస్టారింటికి బ్రెడ్లు వేస్తున్నారట. నన్ను బోర్డు మీంచి తీసేయలేదు.

నాన్న అన్నం తింటున్నాడు, పడుకుంటున్నాడు, సామాను కట్టుకుంటున్నాడు. నా మీద కోపం లేదని బ్లైత్ దొరసానితో చెప్పాడట. నాతో చెప్పలేదు. పొద్దున టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. నాన్నా, అని మొదలుపెట్టాను.

నేను నోరు తెరిస్తే కళ్లు మూసుకుంటున్నాడు.